వైజాగ్‌ని వన్‌టౌన్ వైపు నుంచి చూడండి

వైజాగ్ వెళ్లొచ్చినవాళ్లంతా బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ ఫొటోలే పెడతారు. అవి నేనూ చూశాను, నచ్చాయి. కానీ ఆ ఊరి మీద నాకు మనసు పడింది మాత్రం హార్బర్ పక్కన, పాత ఊరైన వన్‌టౌన్ సందుల్లో, రాస్ హిల్ అనే కొండ మీద. మాది అనంతపురం. వాన కోసం ఆకాశం వంక చూసే చోటి నుంచి వెళ్లినవాడికి అన్ని నీళ్లు ఒక్కసారి కనిపిస్తేనే ఒళ్లు పులకరిస్తుంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ నీళ్లను నమ్ముకుని బతికే ఊరి గురించి.

మా పెద్దమ్మ కూతురు పెళ్లయి అక్కడే ఉంటోంది. బావ హార్బర్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి స్టేషన్‌కి వచ్చి ఉన్నాడు. మేం దిగిన రైలుకే ఇంజన్‌ని రెండో చివర తగిలిస్తున్నారు, భువనేశ్వర్ వెళ్లాలంటే వచ్చిన దారినే కొంత దూరం వెనక్కి పోవాలట.

మర్నాడు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాడు. రాత్రంతా, ఒక్కోసారి రోజుల తరబడి వేటలో ఉన్న మరబోట్లు వచ్చి ఆగడం, బుట్టలు దించడం, నేల మీదే కుప్పలు పోసి వేలం పాడటం, అంతా ఒక గోల. కోనాం, చందువా, కానాగంతలు, రొయ్యలు, పీతలు, ఇంకా పేర్లు తెలియనివెన్నో. వేలంలో గట్టిగా మాట్లాడేది ఆడవాళ్లే. ఒకావిడ కుప్పలోంచి ఒక్క చేప మొప్ప ఎత్తి చూసి "ఇది నిన్నటిది, నాకొద్దు" అని తేల్చేసింది, వేలం వేసేవాడు మారుమాట్లాడలేదు. ఇక్కడ కొన్న చేపే ఇంకో గంటలో ఊళ్లో ఎవరింటి ముందో బుట్టలో ఉంటుంది. వాసనకి భయపడి చాలామంది ఇక్కడికి రారు, పది నిమిషాలు ఓర్చుకుంటే అలవాటైపోతుంది.

అక్కడి నుంచి రాస్ హిల్. "ఏటి బామ్మర్దీ, బీచిలో కూర్చుంటే ఓడ చిన్నగా కనిపిస్తది, ఇక్కడి నుంచి సూడు" అన్నాడు. నిజమే. అటు డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచినట్టు ఉంటుంది, ఇటు మనం నిలబడ్డ కొండ, ఈ రెండింటి మధ్య సన్నటి కాలువ. అంత పెద్ద ఓడ ఆ సందులోంచి టగ్గుల (ఓడను లాగే చిన్న పడవల) సాయంతో నెమ్మదిగా లోపలికి వస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాను. ఓడ కెప్టెన్ ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, ఇక్కడి నీళ్ల లోతు, గాలి తెలిసిన పోర్టు పైలట్ ముందుగానే ఓడెక్కి దారి చూపించాల్సిందే. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య ఓడలు తలదాచుకునే ఇలాంటి చోటు ఇంకోటి లేదనే, బ్రిటిష్ కాలపు మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలనే, ఒకప్పటి ఉప్పుటేరు బురదనంతా తవ్వి 1933లో ఈ రేవు తెరిచారు. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి కొండలు తొలిచి కిరండూల్ రైలు మార్గం వేశారు (అరకు వెళ్లేవాళ్లు సొరంగాలు లెక్కపెట్టే లైన్ అదే). లోపలి రేవు పట్టని పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన తొలి పెద్ద ఓడ 'జలఉష' కూడా ఇక్కడి సింధియా ఓడల యార్డులోనే తయారై 1948లో నీళ్లలోకి దిగింది. ఇవన్నీ చెబుతున్నప్పుడు బావ మొహంలో వెలుగు చూడాలి, సొంత ఇల్లు చూపిస్తున్నట్టే ఉంది.

ఆ కొండ మీద మేరీమాత చర్చి, పక్క గుట్ట మీద దర్గా, ఆ పక్క దాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ హార్బర్ వైపే చూస్తుంటాయి. వేటకి వెళ్లేవాళ్లు, ఓడల్లో వెళ్లేవాళ్లు మూడు చోట్లా మొక్కుకుంటారని బావ చెప్పాడు. ఇది ఎవరో ఐకమత్యం కోసం ఏర్పాటు చేసింది కాదు. సముద్రం మీద బతికేవాడికి భయం ఒకటే కదా, ఎక్కడ ధైర్యం దొరికితే అక్కడ దణ్ణం పెడతాడు.

కిందికి దిగి బురుజుపేట వెళ్లాం. కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి పైకప్పు ఉండదు, ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. ఎవరైనా నేరుగా వెళ్లి పసుపు, కుంకుమ, పాలు తామే సమర్పించుకోవచ్చు. నా ముందున్న ముసలావిడ ఒడియాలో ఏదో చెప్పుకుంటోంది, వెనక నేవీ కుటుంబం హిందీలో మాట్లాడుతోంది. నేవీ కోసం, రైల్వే కోసం, ఉక్కు ఫ్యాక్టరీ కోసం, యూనివర్సిటీ కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఈ ఊరిని తమది చేసుకున్నారు. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి అందుకే ఉంది, బెంగాలీ యాత్రికులూ అందుకే అంతమంది కనిపిస్తారు. ఎవరినీ 'నువ్వెక్కడివాడివి' అని నిలదీసే ఊరు కాదది. నా రాయలసీమ యాస విని టీ కొట్టు ఆయన "కూకోండి బాబూ" అని బెంచీ తుడిచాడు.

బాధలూ ఉన్నాయి. వన్‌టౌన్‌లో డాబా మీద ఆరేసిన బట్టలు తీసేసరికి హార్బర్ నుంచి వచ్చే నల్లటి ధూళి పడుతుంది, అక్క ఇప్పటికీ దీంతో విసిగిపోతుంది. ఉక్కపోత చెప్పక్కర్లేదు. ఉక్కు కోసం భూములిచ్చిన ఊళ్ల కథ వింటే మనసు కలుక్కుమంటుంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఆ ఫ్యాక్టరీ మాట ఎత్తితే బావ గొంతు ఈనాటికీ గట్టిపడుతుంది.

సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో ముంత మసాలా తింటూ కూర్చున్నాం. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి మాత్రం తప్పక వెళ్లండి, 1969 నుంచి 2001 దాకా నీళ్లలో తిరిగిన ఓడ అది, అందులో పనిచేసినవాళ్లు ఎంత ఇరుకులో బతికారో చూస్తే తెలుస్తుంది. అక్కడ అలలు అమాయకంగా కనిపించినా లాగేస్తాయి, స్నానానికి మాత్రం దిగకండి, పిల్లలుంటే రుషికొండ వైపు, అదీ గార్డులున్న చోటే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, అప్పుడు వెళితే ఫిషింగ్ హార్బర్‌లో వేలం సందడి ఉండదు. మార్గశిరంలో గురువారాలు బురుజుపేటలో జనం విపరీతం, అది చూడాలనుకుంటేనే అప్పుడు వెళ్లండి. నేనైతే మళ్లీ సంక్రాంతి దాటాక వెళ్తాను, ఈసారి భీమిలి రోడ్డులో తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు చూపిస్తానని బావ మాటిచ్చాడు.