ఐఫోనులో నిలవని లాగిన్

పర్లాకిమిడిలో ఒక బట్టల దుకాణం కోసం చేసిన ఆర్డర్ల సైటు ఆండ్రాయిడ్ ఫోన్లలో హాయిగా నడుస్తోంది. గుణుపురం, కాశీనగర్‌ల నుంచి ఐఫోన్లలో చూసేవాళ్లకు మాత్రం లాగిన్ అయిన మరుక్షణమే మళ్లీ లాగిన్ పేజీ. "అన్నా, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను" అని యజమాని కూతురు ఎంత బాధపడిందో! ఆమె మాట నిజం.

సైటు ఒక డొమైన్‌లో, సర్వరు మరో డొమైన్‌లో ఉన్నాయి. ఇలాంటప్పుడు కుకీ (లాగిన్‌ను గుర్తుపట్టేందుకు బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారం) వెళ్లాలంటే ఫెచ్‌లో, అంటే సర్వరును అడిగే జావాస్క్రిప్ట్ ఆదేశంలో, క్రెడెన్షియల్స్ ‘ఇన్‌క్లూడ్’ అని ఉండాలి. సర్వరు కూడా అనుమతించే ఆరిజిన్‌ను, అంటే https తో సహా సైటు చిరునామాను, పూర్తిగా పేర్కొనాలి, ‘ఎవరైనా సరే’ అనే నక్షత్రం గుర్తు చెల్లదు. ఇవన్నీ ఉన్నాయి. కుకీని వేరే సైటు నుంచి కూడా పంపవచ్చని చెప్పే, 2020లో క్రోమ్ 80 నుంచి అవసరమైన ‘సేమ్‌సైట్=నన్; సెక్యూర్’ కూడా ఉంది. కానీ ఐఫోన్‌లోని బ్రౌజర్ సఫారీ అదే ఏడాది మార్చి నుంచి ఇతర సైట్ల కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా ఫలితం అంతే, లోపల ఉన్నది సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజనే. ఫైర్‌ఫాక్స్ కంప్యూటర్‌లో ఒక్కో సైటుకు కుకీలను విడివిడిగా దాస్తుంది కనుక అందులో ఇబ్బంది రాలేదు.

అసలు చిక్కు బ్రౌజర్ లోపాలను చూపే కన్సోల్‌లోని ఎర్ర అక్షరాలతో వచ్చింది. కుకీ అందక సర్వరు 401 (లాగిన్ కాలేదు అనే జవాబు) పంపింది. ఆ జవాబుకు అనుమతించే ఆరిజిన్‌ను చెప్పే హెడర్ (జవాబు పైన ఉండే వివరం) లేదు. దాంతో బ్రౌజర్ దాన్ని కోర్స్ (CORS, వేరే ఆరిజిన్‌కు అనుమతినిచ్చే నియమాలు) లోపంగా చూపించింది. కుకీ గల్లంతైన సంగతి ఆ వాక్యంలో ఎక్కడా లేదు! కన్సోల్ పక్కనే ఉండే నెట్‌వర్క్ ట్యాబ్‌లో రిక్వెస్ట్ తెరిచి చూస్తేనే తెలిసింది.

సర్వరును దుకాణం డొమైన్‌కే సబ్‌డొమైన్‌గా మార్చాను. ఆరిజిన్ ఇప్పటికీ వేరే, హెడర్లన్నీ కావలసిందే. ప్రధాన డొమైన్ ఒక్కటే అయితే బ్రౌజర్ లెక్కలో సైటు ఒక్కటే కాబట్టి సఫారీ కుకీని పంపుతోంది.