26 సెకన్ల గ్యాప్

రెండేళ్లు నేను లిఫ్ట్ ఎక్కలేదు. మాది ఐదో ఫ్లోర్, మెట్లెక్కుతుంటే ఎక్సర్‌సైజ్ అనుకునేవాళ్లు అంతా, అసలు సంగతేంటంటే లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే "ఏం బాబూ బావున్నావా" అంటారు, ఆ ఒక్క మాటకి జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు. భయం కాదండీ అది. మనుషులు కావాలి అనిపించడమే ఆగిపోయింది. తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న పిల్ల, బ్యాగ్ సర్దుకుని బూట్లేసుకుని సోఫాలో కూర్చున్నాను, ట్రైన్ టైమ్ దాటిపోయేదాకా అలాగే కూర్చున్నాను. వీడికి ఉద్యోగం వచ్చాక పొగరెక్కింది అన్నారట అక్కడ. అమ్మ మాత్రం "ఎవరితోనైనా గొడవైందా నాన్నా" అని ఫోన్‌లో అడుగుతూనే ఉండేది.

డిప్రెషన్ అన్నారు. మందులు రెండు రకాలు మార్చారు, నిద్ర కుదిరింది, మిగతాది కుదర్లేదు. అప్పుడు డాక్టర్ గారు ఆర్‌టీఎంఎస్ అన్నారు, అంటే అయస్కాంతంతో బయటినుంచే మెదడుని ప్రేరేపించే చికిత్స. షాక్ ట్రీట్‌మెంట్ అనుకుని అమ్మ ఏడ్చింది. అది వేరు, దానికి మత్తు ఇచ్చి ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో మెలకువగానే కుర్చీలో కూర్చుంటాం, తలకి ఆనించిన కాయిల్‌లోంచి వచ్చే అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడులో సన్నటి కరెంట్ పుట్టిస్తుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ వాళ్లు చేసి చూపించిన పద్ధతి, డిప్రెషన్‌కి అమెరికాలో 2008లో పర్మిషన్ వచ్చింది. తలలో మెటల్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా ముందే చెప్పాలి, దాచకండి దయచేసి.

మొదటిరోజు నా డోస్ ఎంతో చూడ్డానికి కాయిల్ కదుపుతుంటే నేనేం చెయ్యకుండానే కుడి బొటనవేలు ఎగిరింది. ఆ తర్వాత కాయిల్‌ని ఎడమవైపు ముందుకి జరిపారు. ఏదైనా కావాలని దాని వైపు వెళ్లాలనిపించడానికి మెదడులో ఎడమ ముందుభాగం, వెనక్కి తగ్గడానికి కుడి ముందుభాగం ఎక్కువ పనిచేస్తాయని కొందరు పరిశోధకులు అంటారట, అది విన్నాక నాకు ఎందుకో ఏడుపొచ్చింది, పొగరు కాదు అని ఎవరో మొదటిసారి చెప్పినట్టు.

4 సెకన్లు వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకటక, 26 సెకన్లు గ్యాప్, ఇలా 37 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మొదటి వారమంతా తలనొప్పి. ఆ గ్యాపుల్లో టెక్నీషియన్ అమ్మాయి ఏదో ఒకటి మాట్లాడేది, వాళ్లబ్బాయి హోమ్‌వర్కు, ఖమ్మం ఎండలు, మళ్లీ టకటక మొదలవగానే ఆపేది. నేను కళ్లు మూసుకునేవాణ్ణి. నాలుగో వారంలో ఒకరోజు టకటక ఆగగానే "మరి మీ బాబుకి జ్వరం తగ్గిందా" అని నేనే అడిగాను. అడిగాక నాకే తెలిసింది అడిగానని.

ఇది కాయిల్ వల్లా, రోజూ ఇల్లు కదిలి ఒక మనిషి ముందు కూర్చోవడం వల్లా అని డాక్టర్ గారిని అడిగాను. అది తేల్చడానికే స్టడీల్లో కొంతమందికి ఉత్తుత్తి కాయిల్ పెడతారు, చప్పుడు అదే వస్తుంది గానీ లోపలికి ఏమీ వెళ్లదు, అలా పోల్చినా అసలు కాయిల్ పెట్టినవాళ్లే ఎక్కువ మెరుగయ్యారు, కానీ ఒక్క నీ విషయంలో ఏది ఎంత అని విడదీసి చెప్పలేను అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మందులు ఇంకా వాడుతున్నా. సంక్రాంతికి తెనాలి వెళ్లాను, పిన్ని కూతురు మొదటిరోజు మొహం చూపించలేదు, రెండోరోజు పొద్దున్న కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి "పెళ్లికెందుకు రాలేదురా" అంది, బూట్లేసుకుని కూర్చున్న సంగతి మొత్తం చెప్పాను.