రెడిస్‌లో మానిటర్ కొట్టే ముందు

మొన్న శుక్రవారం సాయంత్రం మా సైట్ ఉన్నట్టుండి నత్తనడకన పడింది. లాగిన్ అవడానికే ఏడెనిమిది సెకన్లు. అప్లికేషన్ సర్వర్లు ఖాళీగానే ఉన్నాయి, రెడిస్ (డేటాని మెమరీలో ఉంచి వేగంగా అందించే డేటాబేస్ సర్వర్, మా లాగిన్ సెషన్లు ఉండేది అందులోనే) మాత్రం ఒక సీపీయూ కోర్‌ని పూర్తిగా తినేస్తోంది.

టెన్షన్‌లో నేరుగా రెడిస్ సీఎల్ఐ (కమాండ్లు టైప్ చేసే టూల్) తెరిచి మానిటర్ అని కొట్టాను. ఈ కమాండ్ అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. సర్వర్‌కి ఎవరు ఏం పంపినా వచ్చింది వచ్చినట్టు తెర మీద పడిపోతుంది, ముందు మైక్రోసెకన్లతో సహా టైమ్, తర్వాత డేటాబేస్ నంబరు, పంపినవాళ్ల ఐపీ, పోర్టు, ఆ తర్వాత కమాండ్, దాని ఆర్గ్యుమెంట్లు. మనం కోడ్‌లో రాశామనుకున్నది ఒకటి, మనం వాడే లైబ్రరీ నిజంగా పంపేది ఇంకొకటి అని నాకు తెలిసిందే దీనివల్ల.

గెట్‌లు, సెట్‌లు (డేటా చదివే, రాసే కమాండ్లు) వరదలా పోతున్నాయి, ఏదీ చదవడానికి అందడం లేదు. కంట్రోల్ ఎస్ నొక్కి తెరని ఆపాను. దొరికింది: ఒకే ఐపీ నుంచి రెండు సెకన్లకోసారి కీస్ కమాండ్ (కీ అంటే డేటాని దాచుకునే పేరు), సెషన్లన్నీ ఇమ్మని. రెడిస్ కమాండ్లన్నిటినీ ఒకే థ్రెడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది, కీస్ అడిగితే మనకి కావాల్సినవి నాలుగే ఉన్నా డేటాబేస్‌లో ఉన్న ప్రతి కీనీ చూసి వస్తుంది, అంతసేపూ మిగతావాళ్లంతా ఆగాల్సిందే. లాగిన్ అయినవాళ్లని లెక్కపెట్టే చిన్న స్క్రిప్ట్ అది. ఆపేశాం (తర్వాత కీలని కొన్ని కొన్నిగా తెచ్చే స్కాన్ కమాండ్‌తో తిరగరాశాం), సైట్ కోలుకుంది.

అసలు కథ ఆ తర్వాతే. ఆ విండోని అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాను. తెర ఆగింది కానీ మానిటర్ ఆగలేదు. నా వైపు చదవడం ఆగిపోయింది కాబట్టి పంపాల్సినదంతా సర్వర్ తన మెమరీలోనే పోగుచేస్తూ పోయింది. మామూలు క్లయింట్ల అవుట్‌పుట్ బఫర్‌కి (పంపాల్సినది ఆగి ఉండే చోటు) డీఫాల్ట్‌గా హద్దు లేదు, మానిటర్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పైగా ఆ బఫర్ మ్యాక్స్‌మెమరీ (రెడిస్ వాడుకోగల మెమరీకి మనం పెట్టే హద్దు) లెక్కలో కలుస్తుంది, దాంతో చోటు కోసం రెడిస్ సెషన్ కీలని తీసేయడం మొదలుపెట్టింది. పేమెంట్ మధ్యలో ఉన్న కస్టమర్లు కూడా లాగవుట్ అయిపోయారు. వాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. క్లయింట్ లిస్ట్‌లో (కనెక్షన్లన్నీ చూపే కమాండ్) మానిటర్‌కి గుర్తైన పెద్ద ఓ అక్షరం ఫ్లాగ్‌తో, కొండంత ఓమెమ్‌తో (బఫర్ తినే మెమరీ) నా కనెక్షనే కనిపించింది. క్లయింట్ కిల్‌తో తీసేశాం.

ఇవేం లేకుండానే పని అయ్యేది. స్లోలాగ్ 10 మిల్లీసెకన్లు దాటిన కమాండ్లని తనంతట తానే రాసి పెడుతుంది, డీఫాల్ట్‌గా చివరి 128. అక్కడే ఆ కీస్ ఐపీతో సహా ఉంది. ఇన్ఫో కమాండ్‌స్టాట్స్‌లో ఏ కమాండ్‌కి ఎంత సమయం పోతోందో కూడా తెలుస్తుంది. ఒక్క మానిటర్ క్లయింట్ పెడితేనే సర్వర్ వేగం సగానికి పైగా పడిపోవచ్చని రెడిస్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

ఇప్పుడు ప్రొడక్షన్‌లో మానిటర్ తప్పదంటే టైమవుట్ పెట్టి ఐదు సెకన్లు, ఫైల్‌లోకి, అంతే. ఆథ్ (రెడిస్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) పాస్‌వర్డ్‌లు అందులో కనిపించవు గానీ మన కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఓటీపీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి, అందుకే చూడటం అయిపోగానే ఆ ఫైల్ తీసేస్తున్నాను, టీమ్ గ్రూప్‌లో కూడా పెట్టడం లేదు. అప్లికేషన్ యూజర్లకి ఏసీఎల్‌లో (ఎవరు ఏ కమాండ్ వాడొచ్చో చెప్పే నియమాలు) మానిటర్ అనుమతి సోమవారమే తీసేశాం.