పెప్టైడ్‌కు పాలిమర్ తోక: ముడి ఎక్కడ పడాలి?

పరిశోధన తొలి ఏడాదిలో, 20 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకదానికి 2,000 డాల్టన్ల (అణుభారపు కొలత) పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) గొలుసును జోడించబోయి వరుసగా మూడుసార్లు భంగపడ్డాను. పెగ్ చివరనున్న ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (అమైన్‌లతో చురుకుగా కలిసే సమూహం) పెప్టైడ్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లపు అమైన్‌తో (నైట్రోజన్ సమూహంతో) చర్య జరిపి అమైడ్ బంధం ఏర్పరచాలి. కానీ ప్రతిసారీ, అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో పెప్టైడ్ శిఖరం ఉన్నచోటనే ఉండేది. చివరకు సీసా మీది చీటీ చూసిన సీనియర్ ఒకరు, "ట్రిస్ బఫర్‌లోనా చేస్తున్నావు?" అన్నారు. పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి వాడే ఈ ట్రిస్ అణువులోనే, లైసిన్‌లో ఉన్నట్టే, ప్రైమరీ అమైన్ ఉంటుంది. 1 మిల్లీమోలార్ పెప్టైడ్‌కు 50 మిల్లీమోలార్ ట్రిస్ పోటీకి దిగితే ఎస్టర్ ఎవరి పాలవుతుందో చెప్పనక్కరలేదు.

ఫాస్ఫేట్ బఫర్‌కు మారాక మరో చిక్కు ఎదురైంది. లైసిన్ అమైన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను వదిలే పీహెచ్) సుమారు 10.5 కనుక, చర్య జరిపే, ప్రోటాన్ వదిలిన రూపం తగినంత దొరకాలంటే పీహెచ్‌ను 8 దాటించాలి. పెంచినకొద్దీ నీరు కూడా ఎస్టర్‌ను అంతే చురుకుగా విడగొడుతుంది. పీహెచ్ 7, 0 డిగ్రీల వద్ద నాలుగైదు గంటలుండే దాని అర్ధాయువు పీహెచ్ 8.6, 4 డిగ్రీల వద్ద పది నిమిషాలకు పడిపోతుంది. అందుకే అన్నీ సిద్ధం చేసుకున్నాకనే ఎస్టర్‌ను తేమలేని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించడం అలవాటు చేసుకున్నాను.

ఈసారి చర్య జరిగింది గానీ, పెప్టైడ్‌లో లైసిన్లు రెండు ఉన్నందున ఒంటి తోకవీ జంట తోకలవీ కలగలిసి వచ్చాయి. ఔషధాల తయారీలో ఈ బెడదను తప్పించడానికి, ఎన్-చివరి (గొలుసు మొదటి కొసనున్న) అమైన్ పీకేఏ లైసిన్ కంటే తక్కువన్న తేడాను వాడుకుంటారు. 2002లో అమెరికాలో అనుమతి పొందిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఔషధంలో (ఇది పెప్టైడ్ కాదు, ప్రోటీన్) 20,000 డాల్టన్ల పెగ్ ఆల్డిహైడ్‌ను ఆమ్ల పీహెచ్ వద్ద రిడక్టివ్ అమినేషన్‌తో (ఆల్డిహైడ్‌ను అమైన్‌కు కలిపే చర్యతో) ఆ చివరకే కడతారు. నా పెప్టైడ్‌లో ఆ చివర అసిటైల్‌తో మూసి ఉంది కాబట్టి ఆ దారి లేదు.

పాలిమర్‌ను పెప్టైడ్ నుంచే పెంచవచ్చునా అని కూడా ఆలోచించాను. రాఫ్ట్ కారకాన్ని (పాలిమర్ గొలుసు పెరుగుదలను అదుపుచేసే అణువును) రెజిన్ (పెప్టైడ్‌ను కట్టే పూసలు) మీదనే అతికించవచ్చు, అయితే పెప్టైడ్ తయారీలో ఎఫ్‌మాక్ అనే రక్షక సమూహాన్ని తొలగించే పిపెరిడిన్ దానిని ధ్వంసం చేస్తుంది కనుక అన్నిటికన్నా చివర అతికించాలి. పొడవాటి గొలుసు కావలసినవారికి ఆ శ్రమ దండగ కాదు; నాకు కావలసింది పొట్టి తోక. మరో దారి క్లిక్ చర్య (రాగి ఉత్ప్రేరకంతో రెండు ముక్కలను జోడించే పద్ధతి); అందులో రాగి అవశేషాలను కడగడం నాకు విసుగు.

చివరకు పెప్టైడ్ కొసన ఒక సిస్టీన్ (థయోల్ అనే గంధక సమూహమున్న అమైనో ఆమ్లం) చేర్చి తిరిగి తయారుచేసి, పీహెచ్ 7 వద్ద థయోల్‌ను పట్టుకునే మాలిమైడ్ చివర గల పెగ్‌తో కలిపాను. స్వేచ్ఛా థయోల్‌ను పట్టిచూపే ఎల్మన్ పరీక్షలో మొదట నిమ్మపండు రంగు వచ్చింది. రెండు గంటల తర్వాత తీసిన నమూనాలో ఆ పసుపు దాదాపు లేదు. ఈ బంధానికీ ఒక బలహీనత ఉంది: రక్తంలోని గ్లూటాథయోన్ వంటి థయోల్‌ల సమక్షంలో అది వెనక్కి విడిపోయి, పాలిమర్ చేతులు మారవచ్చు. ఈ బంధంలో ఏర్పడిన సక్సినిమైడ్ వలయాన్ని నీటితో ముందే తెరిచేస్తే ఆ భయం ఉండదు. నేను నమూనాను కొద్దిగా క్షార ద్రావణంలో రాత్రంతా ఉంచాను. మర్నాటి స్పెక్ట్రమ్‌లో 44 డాల్టన్ల (పెగ్‌లోని ఒక్కో ముక్క బరువు) ఎడంతో మెట్లు మెట్లుగా నిలిచిన పెగ్ శిఖరాలు, ఒక్కొక్కటీ 18 డాల్టన్లు (ఒక నీటి అణువు బరువు) కుడివైపుకు జరిగి ఉన్నాయి.