హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎండుటాకుల లెక్క

బెంగళూరు మెట్రోలో ఎల్లో లైన్ వచ్చాక సిల్క్ బోర్డు స్టేషన్ దాకా హాయిగా చేరుతున్నాం గానీ, అక్కణ్ణుంచి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కి ఆటో 150 రూపాయలట. ఇంత చిన్న దూరానికి అంత ఇవ్వడం అన్యాయం. ఆ చిరాకుతోనే బంధువుల అపార్ట్‌మెంటు గేటు దాటాను. ట్రాన్స్‌ఫార్మర్ వెనక, నలభై ఇళ్ల తడిచెత్త ఎరువవుతున్న ఇనుప జాలీ తొట్లు కనబడ్డాయి. దగ్గరికెళ్లినా వాసన లేదు. ఆ తొట్ల సంగతి తెలుసుకుందామని ఆగిపోయాను, లాల్‌బాగ్ తోట చూడటం మర్నాటికి వాయిదా పడింది.

తొట్ల పని చూసేది మదనపల్లె ఆవిడ. "మందూ మాకూ ఏం లేదన్నా, అంతా ఎండుటాకే" అంది. బకెట్ తడిచెత్తకి బకెట్ ఆకు, పైన కాస్త పుల్లమజ్జిగ గానీ రెండు దోసిళ్ల పాత ఎరువు గానీ. ఆకు కార్బన్ ఇస్తుంది, కూర తొక్కులు నత్రజని ఇస్తాయి. ఆకు తగ్గితే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది. నీరెక్కువై గాలి ఆడకపోతే కుళ్లిన గుడ్డు కంపు. "పిడికిట్లో పిండి చూడన్నా" అని చేతిలో పెట్టింది. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధార కడితే ఆకో కొబ్బరిపొట్టో కలపాలి, పొడిపొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి.

కొద్ది రోజుల్లోనే కుప్ప లోపల వేడి 55–60 డిగ్రీలకు చేరుతుంది. వారానికోసారి తిరగేస్తే ఆవిరి లేస్తుంది. వేడెక్కలేదంటే కుప్ప మరీ చిన్నదై ఉండాలి, లేదా తడి చాలక ఉండాలి. నెలన్నరకి జల్లెడ పడతారు. జల్లెడలో మిగిలిన మొరుం కొత్త తొట్టికి తోడు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఇంత తొందరగా చివకవు కాబట్టి వాటిని ముందే వేరుచేస్తారు. పురుగులు కనబడగానే కొత్తవాళ్లు ఫినాయిల్ పోస్తారు. దాంతో ఎరువు చేసే సూక్ష్మజీవులూ చస్తాయి. ఆకు వేసి తిరగేస్తే చాలు.

అసలు కష్టం వానాకాలంలో. చెత్త మరింత తడిగా వస్తుంది, ఎండిన ఆకు దొరకదు. అందుకే వేసవికి ముందు రాలిన ఆకునంతా గోనెసంచుల్లో నింపి షెడ్డులో దాస్తారు. వీధి ఊడ్చేవాళ్లకూ సంచులిచ్చారు, ఆకు తగలబెట్టడం ఆగింది. మా తాతల నాటి పెంటదిబ్బలోనూ పేడ మీద చెత్తాకు పరిచేవాళ్లు. ఇప్పుడు అనంతపురంలో మా వీధి బండిలో అన్నీ కలిపే పోస్తున్నాం. ఆ మాట చెప్పడానికి బాధేసింది.

బెంగళూరుకి ఇది ఊరికే అబ్బలేదు. చెత్తకుప్పల పక్కన బతకలేమని ఊళ్లవాళ్లు తిరగబడ్డాక 2012లో మావళ్లిపుర, 2014లో మండూరు చెత్త డంపులు మూతబడ్డాయి. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి తప్పనిసరి చేసింది: ఆకుపచ్చ బుట్టలో తడిచెత్త, ఎర్ర బుట్టలో డైపర్లు, ప్యాడ్ల లాంటి శానిటరీ చెత్త, సంచిలో పొడిచెత్త.

పొడిచెత్తలోనూ వీళ్లది గట్టి పట్టు. పాలప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించరు, ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరక్క కాలవలో పడుతుంది. గాటు పెట్టి, పాలు పోసుకుని, కడిగి ఆరేస్తారు. కడగని ప్యాకెట్ ఒక్కటున్నా సంచంతా కంపుకొట్టి, కాగితం కూడా పాడవుతుంది. చిప్స్ కవర్లు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి పాతసామాన్లవాళ్లు కొనరు. వాటిని వేరే కడతారు, ఎక్కువగా సిమెంటు బట్టీలకు ఇంధనంగా పోతాయి.

క్లబ్‌హౌస్ బీరువాలో వంద స్టీలు పళ్లేలు, గ్లాసులు ఉన్నాయి. పుట్టినరోజుకి తీసుకెళ్లినవాళ్లు పుస్తకంలో రాసి, తోమి, లెక్క అప్పజెప్పాలి. అద్దె లేదు, పోయిన గ్లాసుకి మాత్రం డబ్బు కట్టాలి. పేపరు ప్లేట్లకయ్యే ఖర్చూ తప్పుతుంది. ఇది రేపే ఏ ఊళ్లోనైనా పెట్టుకోవచ్చు.

డైపర్ల దగ్గరే వీళ్లకింకా దారి దొరకలేదు. ఎర్ర బుట్టలో బరువంతా వాటిదే. పసిపిల్లలున్న కొన్ని ఇళ్లలో పగటిపూట గుడ్డవి వాడుతున్నారు, రాత్రికి మాత్రం కొన్నవే.