మాగ్‌పైకి ప్లమ్ కొమ్మే ఎందుకు?

చైనాలో వసంతోత్సవానికి కిటికీలకు అతికించే ఎర్రకాగితపు కోతల్లో పిట్టా పువ్వూ ఎక్కువగా జంటగానే కనిపిస్తాయి. ఏ పిట్టకు ఏ పువ్వన్నది చాలాసార్లు పేర్ల ఉచ్చారణే తేలుస్తుంది. మాగ్‌పై అంటే పొడవు తోక ఉండే నలుపు తెలుపు పిట్ట, చైనా భాషలో దాని పేరులోని ‘షి’ అంటే సంతోషం. ప్లమ్‌నూ ‘మెయ్’ అనే పలుకుతారు, కనుబొమనూ ‘మెయ్’ అనే పలుకుతారు. కాబట్టి ప్లమ్ కొమ్మ కొసన వాలిన మాగ్‌పై కనుబొమల దాకా పాకిన ఆనందం.

కొంగా తామరా కలిస్తే పరీక్షల్లో వరుసగా నెగ్గమని దీవెన. ఇందులో కొంగ ఒక్కటే ఉండాలి, ఎందుకంటే దీవెన మొదలయ్యేదే ‘ఒకటి’ అన్న మాటతో. ఖాళీ కనిపించిందని రెండో కొంగను పెడితే బొమ్మ నిండుతుంది గానీ అర్థం పోతుంది. మాండరిన్ బాతులకు మాత్రం జంట తప్పనిసరి, అవి దాంపత్యానికి గుర్తు. పియోనీ పువ్వు సంపదకు, పైన్ చెట్టుతో కొంగను పోలిన క్రేన్ పక్షి దీర్ఘాయువుకు.

కాగితం ఒకే రంగు కాబట్టి పోలికంతా అంచులోనే తెలియాలి. మాగ్‌పై తోక ఒంటికి సమానంగా సాగాలి. కురచైతే అది పిచ్చుకే. ప్లమ్‌కు గుండ్రని రేకులు అయిదు, పూలు నేరుగా మోడుకొమ్మకే అంటుకుని ఉండాలి. ఆకులు రాకముందే పూసే చెట్టది. అందంగా ఉంటాయని ఆకులు చేరిస్తే చూసేవాళ్లు పీచ్ అనుకుంటారు. తామర నడుమ గింజల బుడిపె తప్పక కనిపించాలి.

కోతలో రెండు పద్ధతులు. గీతలను మిగిల్చి తక్కినదంతా తీసేస్తే ‘యాంగ్’, గీతలనే తీసేస్తే ‘యిన్’. యాంగ్‌లో ప్రతి గీతా ఇంకోదానికి తగిలి ఉండాలి, ఒక్కటి తెగినా ఆ ముక్క రాలిపోతుంది. ఈకలకు రంపపు పళ్ల కోత, రెక్క మడతలకూ రేకుల వంపులకూ నెలవంక కోత. కత్తెరను కదిలించకుండా కాగితాన్నే తిప్పాలి. పంటి మొదలు దాటి కత్తెర మొన దిగితే ఈకల వరుస మొత్తం ఊడి వస్తుంది. ముందు లోపలి చిన్న రంధ్రాలు, చివరికి బయటి అంచు. అంచు ముందే తీసేస్తే పట్టుకోవడానికేమీ మిగలక కాగితం వాలిపోతుంది. పిట్ట బరువంతా సన్నని కాళ్ల మీద వదలకూడదు. పొట్టో తోకో కొమ్మకు గానీ రేకుకు గానీ తగిలేలా ముందే గీసుకోవాలి. నా దృష్టిలో నేర్పంతా ఆ తగిలే చోటును దాచడంలోనే ఉంది.

హెబెయ్ ప్రాంతంలోని యూషియన్‌లో దారి వేరు. అక్కడ పలచటి తెల్లకాగితాలను దొంతరగా పేర్చి, మైనం పలక మీద చిన్న కత్తులతో చెక్కి, తర్వాత రంగులద్దుతారు. రంగు అడుగు కాగితం దాకా దిగడానికి అందులో సారాయి కలుపుతారు. రంగు నిలవాలంటే కాగితం ఎక్కువగా మిగలాలి, అందుకే వాళ్లది ప్రధానంగా యిన్ కోత. పాత నమూనాకు నకలు తీసే పద్ధతి మరీ ముచ్చటైనది: నమూనాను తడిపి తెల్లకాగితానికి అంటించి దీపపు పొగ పట్టిస్తారు. ఆరాక నమూనా తీసేస్తే పొగ తాకని చోట బొమ్మ తెల్లగా మిగులుతుంది.

అతికించేటప్పుడు జిగురు అంతటా పూయొద్దు. తడి ఎక్కువైతే ఎరుపు కారి చుట్టూ మరక పడుతుంది. పిట్ట ముక్కు, తోక కొస, పూల నడుమ చిన్న చుక్కలు పెడితే చాలు.