ముందు తూకం చెప్పమ్మా

మేం ఇంట్లోనే ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కట్టాం. కారు వెనక తగిలించుకుని పోయేది. లోపల ఇద్దరు పడుకునేంత చోటు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు, అంతే. పిల్లలు పక్కన టెంట్ వేసుకుంటారు. మేం ఉండే అమెరికాలో ఇలాంటివాటిని టియర్‌డ్రాప్ అంటారు. 1930ల నుంచే జనం వీటిని గ్యారేజీల్లో కట్టుకుంటున్నారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పత్రికలు వీటి ప్లాన్లు కూడా అచ్చేశాయి. కాబట్టి మేం చేసిందేమీ ఘనకార్యం కాదు. కానీ దాని పుణ్యమా అని ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. పదమూడేళ్ల పిల్ల నా మాట కాదంటుంది, నేను మండిపడకుండా వింటాను.

నేను పెరిగిన ఇంట్లో పెద్దవాళ్లు ఒకటి అన్నాక ఇంక ‘ఎందుకు’ అనేది లేదు. దానికి నేనేం బాధపడలేదు, అందరిళ్లలోనూ అంతే కదా. మా పెద్దదానికి ఇక్కడి బడిలో చిన్న క్లాసు నుంచీ నేర్పిందేమిటంటే, నీకేమనిపిస్తోందో చెప్పు, కారణం చూపించు అని. అక్కడ అలా మాట్లాడితే మెచ్చుకుంటారు. ఇంటికొచ్చి అదే పని చేస్తే ‘ఎదురు చెప్పకు’ అంటాం. బస్సు దిగగానే పిల్లకి రూల్స్ మారిపోతాయన్నమాట. చాలాకాలం మాకిది సమస్యగానే తోచలేదు. పిల్ల మొండిది అనుకుని ఊరుకున్నాం.

ట్రైలర్ దగ్గర అలా ఊరుకోవడం కుదరలేదు, ఎందుకంటే అక్కడ బరువుకి హద్దు ఉంది. మా కారు 1,500 పౌండ్లకు మించి లాగకూడదని మాన్యువల్లో రాసుంది. ట్రైలరే కాకుండా అందులో పెట్టే పరుపు, నీళ్లు, గిన్నెలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ఇనప ఫ్రేమ్ కొన్నాం. ప్లైవుడ్ షీటు కూడా సరిగ్గా అంతే ఉంటుంది కాబట్టి కోత తగ్గుతుంది. గోడలకి ముప్పావు అంగుళం ప్లైవుడ్ వాడదామన్నాను. ఎందుకైనా మంచిది, గట్టిగా ఉంటుంది. మా ఇంట్లో సగం నిర్ణయాలు ఈ ‘ఎందుకైనా మంచిది’ మీదే నడుస్తాయి.

మా పెద్దది లాప్‌టాప్ తిప్పి చూపించింది. ముప్పావు అంగుళం షీటు ఒక్కోటీ 70 పౌండ్ల దాకా ఉంటుంది. అర అంగుళానిది 45, 50 మధ్య. పావు అంగుళానిది 25 లోపే. అంగుళం మందం ఫోమ్ బోర్డు అయితే షీటు మొత్తం కలిపి 5 పౌండ్లు. ‘గోడ వంగకుండా ఉండాలంటే మందం కావాలమ్మా. ఆ మందమంతా చెక్కతోనే రావాలని ఏముంది?’ అంది. రెండు పల్చటి చెక్కల మధ్య ఫోమ్ పెట్టి అంటిస్తే, తేలిగ్గా ఉంటూనే గోడ బిగుసుకుంటుంది. నేను ఇంజనీరింగ్ చదివినదాన్నే, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా నా నోటికి ముందు వచ్చింది ‘నువ్వు చెప్పొచ్చావులే’ అనే. మా ఆయన పక్కనుంచి, ‘అది అంకె చెప్పింది, నువ్వూ ఒక అంకె చెప్పు’ అన్నారు. అప్పటినుంచి గ్యారేజీలో అదే రూలు. ఏది పెట్టాలన్నా, ఏది తీసేయాలన్నా, అడిగేది ఎవరైనా సరే, ముందు దాని తూకం చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద రభస నీళ్ల ట్యాంకు దగ్గర జరిగింది. వంటగట్టు వెనకుంది కాబట్టి ట్యాంకు కూడా వెనకే, సింకు కింద ఉండాలన్నాను. పైపు పొడవు తగ్గుతుంది, పని తేలిక. పెద్దది ససేమిరా అంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా కారు హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గితే స్పీడులో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, ముదిరితే కారుని కూడా ఈడ్చుకుపోతుంది. అది కార్పెంటర్ పెన్సిల్ తీసుకుని మా గోడ చెక్క మీదే లెక్క వేసింది. పూర్తయ్యాక ట్రైలర్ 900 పౌండ్లు ఉంటుందని అంచనా, హిచ్ మీద 110. బాగానే ఉంది. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, పది గ్యాలన్లంటే 83. ఇరుసుకి మూడడుగులు వెనక ఆ 83 పెడితే, ఇరుసు నుంచి హిచ్ తొమ్మిదడుగుల దూరం కాబట్టి, ముందు వైపు 28 పౌండ్లు తేలిపోతాయి. 983 పౌండ్ల బండికి హిచ్ మీద 82 మాత్రమే మిగులుతుంది. ఎనిమిది శాతం చిల్లర.

లెక్కతో ఆగలేదు. చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, బాత్రూమ్ స్కేలు తెచ్చి, ట్రైలర్ మూతి దాని మీద ఆనేలా కింద దుంగ నిలబెట్టింది. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే స్కేలే అది. తమ్ముణ్ణి ఫ్రేమ్ మీదికెక్కించింది. సరిగ్గా ఇరుసు పైన నిలబడితే, వాడు ఎక్కకముందు అంకె ఎంతుందో అంతే ఉంది. వెనక్కి ఒక్కో అడుగు వేస్తుంటే అంకె దిగిపోతూ వచ్చింది. వాడికి అదో ఆటైపోయి, దిగమంటే దిగడు. ట్యాంకుని ఇరుసు పైన మంచం కింద పెట్టి, వెనక్కి పొడుగు పైపు, చిన్న పంపు పెట్టుకున్నాం.

లైట్ల పని మా ఆయనది. తెల్ల వైరు గ్రౌండ్, గోధుమరంగుది వెనక దీపాలకి, పసుపుది ఎడమకి, ఆకుపచ్చది కుడికి. అందులో వాదించడానికి చోటు లేదు కాబట్టి, ఇంట్లో ప్రశాంతంగా జరిగిన పని అదొక్కటే.

ఈ రూలు గ్యారేజీ దాటి లోపలికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఓ శుక్రవారం స్నేహితురాలి ఇంట్లో రాత్రికి ఉండిపోతానంది. అంతకుముందైతే ‘మన ఇళ్లలో అవన్నీ లేవు’ అని తేల్చేసేదాన్ని. అది నావైపు చూసి, ‘సరే, వద్దను, కానీ తూకం చెప్పు’ అంది. వెతుక్కుంటే నా దగ్గర కారణాలు ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరెవరుంటారో తెలీదు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారో తెలీదు. అవే చెప్పాను. వాళ్లమ్మ నంబరు తెచ్చిచ్చింది, మాట్లాడాను, పంపాను. తర్వాత ఇంకో ఇంటికి వెళ్తానంటే, ఆ రాత్రి పెద్దవాళ్లు ఉండరని తెలిసి వద్దన్నాను. కారణం మొత్తం విని, తలుపు దబాలున వేసుకుంది. కానీ వెళ్లలేదు.

ఇలా ప్రతిదానికీ కారణం చెప్పుకుంటూ పోతే పెద్దరికం ఏం మిగులుతుందని తెలిసినావిడ ఒకరు అడిగారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. గ్యారేజీలోనూ రంపం తిరుగుతున్నప్పుడు నేను ‘ఆపు’ అంటే ఆపాల్సిందే, చర్చ తర్వాత. కళ్లకి అద్దాలు లేకపోతే ఆ రోజుకి పని బంద్. అయితే ఒకటి గమనించాను. మిగతా రోజంతా దాని మాట వింటున్నాను కాబట్టేనేమో, ఆ ఒక్క ‘ఆపు’కి అది ఎదురు చెప్పదు.

మా మామగారు ఇదంతా వీడియో కాల్లో చూస్తుండేవారు. మొదట్లో ‘వడ్రంగి దొరకలేదా అమ్మా?’ అనేవారు. మా రెండిళ్లలోనూ చదువుకున్నవాళ్లు రంపం పట్టడమంటే నామోషీ, పైకి ఎవరూ అనరు గానీ. ఓ రోజు ఆయనే, ‘ఆ వెనక తలుపు పైనుంచి వాన నీళ్లు దిగవూ?’ అని అడిగారు. ‘రబ్బర్ సీల్ ఉంది తాతయ్యా’ అంది ఇది.

‘రబ్బరు ఎన్నాళ్లుంటుంది తల్లీ? ఎండకి బీటలిస్తుంది. నీళ్లని ఆపడం కష్టం, పక్కకి పంపడం తేలిక.’

ఇలాంటి ట్రైలర్లు ఎక్కువగా కారేది ఆ తలుపు కీలు దగ్గరే. తలుపు అంచు చుట్టూ లోపల సన్నటి కాలవలా అల్యూమినియం పట్టీ వేస్తే, సీల్ దాటి వచ్చిన నీళ్లు పక్కలకి జారి కింద పడతాయి. ‘దాని తూకమెంత తాతయ్యా?’ అని ఆయన్నీ అడిగేసింది. నాకు గుండె జారింది. ఆయన నవ్వి, ‘అరకేజీ ఉంటుందేమోనే, పెట్టనిస్తావా?’ అన్నారు. పెట్టాం.

ఇప్పుడు నడుస్తున్న గొడవ బ్యాటరీది. మామూలు లెడ్ బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లది 60 పౌండ్లు దాటుతుంది, అంతే సామర్థ్యమున్న లిథియంది అందులో సగం కూడా ఉండదు. లిథియం దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. కానీ 50 చాలని దాని వాదన. పైకప్పు ఫ్యానుకి గంటకి 2 ఆంపియర్ అవర్లు, రాత్రంతా తిరిగినా 20, దీపాలూ ఫోన్లూ కలిపి ఇంకో ఐదో ఆరో. ఫ్యాను వద్దనడానికి లేదు, అంత చిన్న పెట్టెలో ఇద్దరి ఊపిరికి తెల్లారేసరికి గోడలు చెమ్మెక్కిపోతాయి. వంద ఉంటే ఎందుకైనా మంచిదన్నాను. ఆ మాట చెల్లదట. వరసగా మూడు రోజులు మబ్బు పడితే సోలార్ ప్యానెల్ ఎంతిస్తుందో లెక్క తీస్తున్నాను. శనివారం లోపు అంకె చూపించకపోతే 50దే ఆర్డర్ పెడుతుందట.